గోగ్రాసం తిన్న గ్యాస్ ప్లాంటు

శనివారం ఉదయం ఈశ్వరప్రసాద్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఒక బకెట్ పేడ, ఒక బకెట్ నీళ్లు తీసుకుని, గడ్డలు లేకుండా కలిపి, గోబర్ గ్యాస్ ప్లాంటు గరాటులో పోసి, చేతులు కడుక్కుని కాఫీ తాగడం. ఆ తర్వాత ఆదివారం ముహూర్తం దాకా దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. అంటే ఆయన చేయవలసిందల్లా ఏమీ చేయకుండా ఉండటమే. ముప్పై మంది తెలుగువాళ్లను భోజనానికి పిలిచిన ఇంట్లో అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదని పాపం ఆయనకు తోచలేదు.

మెల్‌బోర్న్ శివార్లు దాటి కూవీరప్ వెళ్లే దారిలో ఐదెకరాల నేల, దాని మీద ఓ పాత చెక్క ఇల్లు ఆయన కొని మూడు నెలలైంది. భార్య కళావతి మాత్రం ఇంకా నగరంలో, క్లేటన్‌లో యూనిట్ అని పిలిచే ఫ్లాట్‌లోనే ఉంది. పాలు పొంగించని ఇంట్లో కాలు పెట్టనంది. ఆ మాట వెనక శాస్త్రం ఎంత ఉందో అనుమానం కూడా అంతే ఉంది. ఈయన ఇదివరకు తేనెటీగలు పెంచారు, అవి పక్కింటికి కాపురం మార్చేశాయి. ఎండ పొయ్యి తయారుచేశారు, అందులో కందిపప్పు రెండు రోజులు నానింది గాని ఉడకలేదు. ఈయన మొదలుపెట్టినవాటిలో పూర్తయింది పెళ్లి ఒక్కటేనని, అది కూడా మామగారు దగ్గరుండి పూర్తిచేయబట్టేనని కళావతి నలుగురిలో చెబుతూ ఉంటుంది.

అందుకే ఆవిడ ఒక షరతు పెట్టింది. “ఆదివారం ముహూర్తానికి మీ పేడ గ్యాస్ మీదే పాలు పొంగాలి. పొంగాయనుకోండి, యూనిట్ అమ్మేసి నోరు మూసుకుని ఇక్కడికొచ్చి ఉంటాను. పొంగలేదనుకోండి, ఈ ఫార్మ్ అమ్మేసి మీరే బుద్ధిగా అక్కడికి రావాలి. మళ్లీ మాట మార్చకూడదు.”

“మాట మాటే,” అన్నారు ఈశ్వరప్రసాద్.

ఆ ధైర్యానికి కారణం లేకపోలేదు. రిటైరయ్యేదాకా ముప్పై ఏళ్లు నగరపు మురుగునీటి శాఖలో ఇంజనీరుగా పనిచేసి, ఊరందరూ వదిలించుకున్నదాన్ని గొట్టాల్లోంచి దాటించడమే పనిగా బతికిన మనిషి ఆయన. అందులో కాస్తయినా మంటగా మారితే, ఎరువై మొక్కకు అందితే కళ్లారా చూడాలన్నది ఆయన ఆశ. ఇంటి వెనక పది వేల లీటర్ల ట్యాంకు పాతించారు. దాని మీద గ్యాస్ నిండే రబ్బరు సంచి, ఒక పక్క మేత వేసే గరాటు, ఇంకో పక్క జీర్ణమైన చిక్కటి పేడనీరు, అంటే స్లర్రీ, బయటికొచ్చే తూము, వరండాలో పొయ్యి దాకా గొట్టం. వారం రోజులుగా రోజూ ఆ పొయ్యి మీదే ఎవరికీ చెప్పకుండా టీ పెట్టుకుని తాగుతున్నారు. మంట నీలంగా, నిలకడగా వస్తోంది. ఆ మంటను చూస్తూ ఒకటి రెండుసార్లు ఆయనకు కళ్లు చెమర్చాయి కూడా.

ఆదివారం పంతులుగారికి మూడు గృహప్రవేశాలు, ఓ బారసాల ఉన్నాయి. అందుకని గోపూజ, వాస్తు హోమం శనివారమే కానిచ్చేసి, పాలు పొంగించడం ఒక్కటి ఆదివారం పొద్దున్నకు ఉంచారు. గోవుకు కొరత లేదు. పక్కన పాల ఫార్మ్ నడిపే డగ్ రోజూ ఈయనకు పేడ ఇచ్చేవాడే. ఆవును కూడా ఒక గంట ఇస్తానని, డోరిస్ అనే నలుపు తెలుపు ఆవును తాడు పట్టుకుని తెచ్చాడు.

డోరిస్ చాలా మర్యాదస్తురాలు. బొట్టు పెట్టించుకుంది. మెడలో బంతిపూల దండ వేస్తే ఊరుకుని, తర్వాత నింపాదిగా ఆ దండను తినేసింది. కానీ వరండా మెట్ల దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి ఇద్దరు తోశారు, ముందు నుంచి కళావతి అరటిపండు చూపించింది. సరిగ్గా అప్పుడే పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు. ఆ చప్పుడుకు డోరిస్ గిరుక్కున తిరిగి, పట్టుచీరల మధ్య నుంచి దారి చేసుకుని, కంచె దాటి తన మందలో కలిసిపోయింది.

“షీజ్ నాట్ యాన్ ఇన్‌సైడ్ కౌ, మేట్,” అని డగ్ క్షమాపణగా చెప్పి, తాడు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. “నాకు పన్నెండింటికి టార్నీట్‌లో ఇంకో ఇల్లుంది నాయనా. గోవు లేకుండా ఎలా?” అంటూ చుట్టూ చూసిన ఆయన కళ్లు ట్యాంకు మీద పడ్డాయి. “అదేమిటి?”

ఇక్కడ ఈశ్వరప్రసాద్ ‘అది నీళ్ల ట్యాంకండీ’ అని ఉంటే ఈ కథ లేదు. కానీ మూడు నెలలుగా ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషి ఆయన. “అది అచ్చం ఆవు పొట్టేనండీ పంతులుగారూ! ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులే అందులోనూ ఉంటాయి. అదే వేడి, అదే చీకటి. మేత వేస్తే అరిగించుకుంటుంది, గ్యాస్ ఇస్తుంది, ఎరువు వేస్తుంది. కాళ్లు, కొమ్ములు లేవు గాని లోపలంతా ఆవే,” అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పారు.

“ఇంకేం మరి,” అన్నారు పంతులుగారు తేలిగ్గా. “గోవు రానంటోంది. గోవు ఉదరం ఇక్కడే ఉంది. పూజ దానికే చేద్దాం.”

క్షణంలో ట్యాంకుకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, మిగిలిన ఇంకో దండ గరాటుకు చుట్టారు. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన కూతురు లాస్య ఇదంతా చూసి, “డాడ్, ఇట్స్ ఎ ట్యాంక్,” అంది. ఎవరూ పట్టించుకోలేదు. హారతి అయింది. “ఇప్పుడు గోగ్రాసం పెట్టండి. అందరూ వచ్చి తలో ముద్ద తినిపించండి. ఇలాంటి పుణ్యం మళ్లీ రాదు,” అన్నారు పంతులుగారు.

ఈశ్వరప్రసాద్ గరాటు దగ్గరికి జరిగారు. గోగ్రాసమంటే బియ్యం, బెల్లం, అరటిపండు. ప్లాంటుకు పేడ తప్ప ఇంకేమీ అలవాటు లేదు. అయినా తలో ముద్దే కదా అని సర్దిచెప్పుకున్నారు. ముప్పై ముద్దలంటే బకెట్‌లో సగం. నెట్టుకురావచ్చు.

కానీ వరసలో మొదట నిలబడింది ఉదయలక్ష్మి. కళావతి స్నేహితురాలు, వరంగల్ మనిషి. కేరమ్ డౌన్స్ గుడిలో పండగ వచ్చిందంటే వంటశాల ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఆవిడ ముద్ద వేసి, వెంటనే ఇంకో ముద్ద తీసింది.

“ఒక్కటి చాలండీ!” అన్నారు ఈశ్వరప్రసాద్.

“ఒక్కసారే వడ్డిస్తరా అన్నా ఎవరన్న? ఒంటి ముద్ద పెట్టొద్దు. మారు వడ్డించాలె,” అంది ఉదయలక్ష్మి.

ఆ మాట వినగానే వెనక వరసంతా తప్పు జరగబోయి తప్పినట్టు ఉలిక్కిపడింది. ముందు వేసి వెళ్లిపోయిన పిల్లలను కూడా పిలిచి రెండో ముద్ద వేయించారు. ఓ పెద్దావిడ బ్రిస్బేన్‌లో ఉన్న కొడుకు పేరు మీద, సన్నీబ్యాంక్‌లో ఉన్న కోడలి చెల్లెలి పేరు మీద కూడా వేసింది. ఈశ్వరప్రసాద్ గరాటు పక్కనే చేతులు జోడించుకుని నిలబడి, “అది ఎక్కువ తినదండీ, దానికి పడదండీ,” అంటూనే ఉన్నారు. తెలుగు ఇళ్లల్లో ‘వద్దు’ అన్నవాళ్లకు రెండు గరిటెలు ఎక్కువ వడ్డించడం ఆచారం. ఆయన వద్దన్నకొద్దీ ముద్ద సైజు పెరిగింది.

“డాడ్, జస్ట్ టెల్ దెమ్ టు స్టాప్,” అంది లాస్య.

“ఇంటికొచ్చినవాళ్లని ఎలా ఆపుతామే? బాగుండదు,” అన్నారు ఆయన. ఈ ‘బాగుండదు’ అన్న ఒక్క మాట వల్ల మన జాతి ఎన్నిటిని పోగొట్టుకుందో ఎవరైనా లెక్క తీస్తే మంచిది.

భోజనాలయ్యాయి. వంట క్లేటన్‌లోనే, ఎప్పటిలాగే ముప్పై మందికి చెప్పి అరవై మందికి చేసి తెచ్చారు. మిగిలిన పులిహోర, బొబ్బట్లు, సేమ్యా పాయసం ఏం చేయాలన్న ప్రశ్న రాగానే అందరికీ ఒకటే తట్టింది. ఇంట్లో గోవు ఉదరం పెట్టుకుని అన్నం బిన్‌లో పారేస్తామా? ఈశ్వరప్రసాద్ పెరట్లో బల్లలు మడతపెట్టి వచ్చేసరికి గరాటు అంచున పాయసంలోని జీడిపప్పు ఒకటి అంటుకుని ఉంది. ఆయన ఆ జీడిపప్పు వైపు చాలాసేపు చూశారు.

అప్పుడు ఒక అద్భుతం జరిగింది. రోజూ సాయంత్రానికి గాని కదలని రబ్బరు సంచి మధ్యాహ్నమే లేవడం మొదలుపెట్టింది. కాసేపట్లో నిండుగా, నున్నగా ఉబ్బి నిలబడింది.

“చూశినవా అన్నా! కడుపు నిండ పెడితే ఎంత మంచిగ లేశిందో. ఇన్నొద్దులు ఉత్త పేడ నీళ్లు పోసి మాడగొట్టినవ్ దాన్ని,” అంది ఉదయలక్ష్మి.

కళావతి కూడా వచ్చి చూసింది. సంచి మీద మెల్లగా చెయ్యి వేసి, “నిజమేనండోయ్! మీరు చేసినవాటిలో ఇదొక్కటి బాగా కుదిరింది,” అని నవ్వింది.

ఈశ్వరప్రసాద్‌కు ప్రాణం చివుక్కుమంది. ఆయనకు సంగతి తెలుసు. బెల్లం, అన్నం తొందరగా పులుస్తాయి. పులిస్తే వచ్చేది మండని గాలి. సంచి ఉబ్బింది గ్యాస్‌తో కాదు, అజీర్తితో. కానీ ముప్పై ఏళ్లలో ఆయన చేసిన పనిని చూసి భార్య నవ్వడం ఇదే మొదటిసారి. ఆ నవ్వును ఆపడానికి ఆయనకు నోరు రాలేదు. “ఏదో, అంతా నీ దయ,” అని గొణిగి ఊరుకున్నారు.

అతిథులు వెళ్లాక సాయంత్రం ఎండ ఉండగానే వరండాలో పొయ్యి వెలిగించి చూశారు. అగ్గిపుల్ల దగ్గరికి తీసుకెళ్తే బుస్సుమని పుల్లే ఆరిపోయింది. ఇంకోటి గీశారు. అదీ ఆరిపోయింది. గొట్టం మూసేసి మెట్ల మీద కూలబడ్డారు. ఆయన చూపు తిన్నగా ముందున్న పచ్చిక మీద, డగ్ ఆవుల మీద, ఆ వెనక దూరంగా కొండల మీద పడింది. ఇంకో రాత్రి గడిస్తే ఇవేవీ తనవి కావు. క్లేటన్‌లో యూనిట్ కిటికీలోంచి కార్ పార్క్ కనిపిస్తుంది.

“ఏంటి బావా, డల్‌గా ఉన్నావు?” అంటూ రామచంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు. కళావతి తమ్ముడు, వెస్ట్‌మీడ్‌లో కడుపు జబ్బుల డాక్టరు. గృహప్రవేశం కోసం సిడ్నీ నుంచి వచ్చాడు. ఈశ్వరప్రసాద్ ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని, ఉన్నదంతా చెప్పారు.

“ఓస్, ఇంతేనా! పేషెంటుకి ఓవర్ ఈటింగ్, ఎసిడిటీ. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీస్‌లో ఇలాంటి కడుపులు ఎన్ని చూశాను బావా. ఇది పది వేల లీటర్ల కడుపు, అంతే తేడా. యాంటాసిడ్ వెయ్యాలి. వంట సోడా ఉందా?”

“సోడా వెయ్యొచ్చు గాని కొంచెం కొంచెంగా, రోజుకి ఇంతని వెయ్యాలిరా. ఒకేసారి వేస్తే పొంగుతుంది. ఆపైన మంట మామూలుగా రావడానికి వారం పైనే పడుతుంది.”

“ముహూర్తం రేపు పొద్దున్నే బావా! కోర్స్ వాడేంత టైమ్ ఎక్కడుంది? మొత్తం ఒకేసారి, లోడింగ్ డోస్ ఇచ్చేద్దాం,” అని రామచంద్ర కారెక్కి, సూపర్‌మార్కెట్‌లో అరలో ఉన్న వంట సోడా అంతా ఊడ్చుకుని వచ్చాడు. ఈశ్వరప్రసాద్ బకెట్ తెచ్చి, నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పోద్దామని వెనక్కి తిరిగేలోపు డాక్టరుగారు ప్యాకెట్లన్నీ చింపి గరాటులో దిమ్మరించేశాడు. లోపల గుడగుడమని చప్పుడు వినిపించింది.

“చూశావా, రిలీఫ్ వస్తోంది,” అన్నాడు రామచంద్ర.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఈశ్వరప్రసాద్ ఆ సామెతను బావమరిది ముందు పైకి అనలేదు. భార్య తరఫువాళ్లు కదా, బాగుండదు.

తెల్లవారింది. కార్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. వచ్చినవాళ్లందరూ ఇంట్లోకి కాకుండా నేరుగా పెరట్లోకే వెళ్తున్నారు. సంచి చెక్క ఇంటి చూరును అందుకుంటోంది. దాన్ని బిగించిన తాళ్లు వీణ తీగల్లా ఉన్నాయి. అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఉదయలక్ష్మి బుగ్గలు నొక్కుకుని, “నెలలు నిండినట్టే ఉన్నదొదినా. గాజులు తెస్తే బాగుండు,” అంది. కళావతి ముఖం వెలిగిపోతోంది. నిన్నటి దాకా షరతు పెట్టిన మనిషి, ఇవాళ వచ్చినవాళ్లకు ట్యాంకు తానే చూపిస్తూ, “అచ్చం ఆవు పొట్టేనండీ. లోపల క్రిములు కూడా అవే,” అని చెబుతోంది.

ఈశ్వరప్రసాద్ ఆవిడను రెండుసార్లు పక్కకు పిలిచారు. మొదటిసారి గుమ్మానికి మామిడాకులు కడుతోంది. రెండోసారి ఇత్తడి గిన్నెకు పసుపు రాస్తోంది. “తర్వాత చెబుదురు గాని, ముందు స్నానం చేసి పంచె కట్టుకోండి,” అంది రెండుసార్లూ.

ముహూర్తం దగ్గరపడింది. వరండాలో పొయ్యి చుట్టూ అందరూ గుమిగూడారు. కళావతి గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పంతులుగారు మంత్రం అందుకున్నారు. ఈశ్వరప్రసాద్ కులదేవతను తలుచుకుని, గొట్టం మీది మర తిప్పి, అగ్గిపుల్ల గీశారు. ఆరిపోయింది. ఇంకోటి గీశారు. అదీ ఆరిపోయింది. “గాలి తగులుతోందేమోనండీ,” అని పది మంది చేతులు అడ్డం పెట్టారు. ఈసారి మర పూర్తిగా తిప్పారు.

పొయ్యిలోంచి ముందు గురక వచ్చింది. తర్వాత బర్నరు రంధ్రాలన్నిటి నుంచీ గోధుమ రంగు నురగ, సన్నని సేమ్యాల్లా, మెల్లగా పైకి లేచింది. అది పెరిగి, గిన్నెను అడుగు నుంచి ఎత్తి, పొయ్యి గట్టు దాటి, తోరణం కట్టిన బల్ల మీదుగా కిందికి జారింది. నిన్నటి అన్నదానం అంతా, ఒక రాత్రి పులిసిన తర్వాత, తిరిగి వాసన రూపంలో అందరినీ పలకరించింది. పాలు పొంగలేదు గాని, పొయ్యి పొంగింది.

అందరూ కొంగులు, కండువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లు దిగి పరుగెత్తారు. పెరట్లో ఇంకా ఘోరంగా ఉంది. గరాటులోంచి పులిహోర, తూములోంచి స్లర్రీ ఒకేసారి పొంగి, పల్లానికి ప్రవహించి, కంచె కింద నుంచి డగ్ పచ్చికలోకి దారి చేసుకున్నాయి. ఈశ్వరప్రసాద్ పట్టుపంచె ఎగ్గట్టి, గొట్టం మూసెయ్యడానికి మోకాళ్ల లోతు నురగలోకి దిగారు.

“ముహూర్తం ఇంకో పావుగంటే ఉందమ్మా! ఆ తర్వాత వర్జ్యం!” అని పంతులుగారు దూరం నుంచి కేకేశారు.

కళావతి ఒక చేత్తో పాల గిన్నె ఎత్తుకుంది. చుట్టూ చూసింది. ఇంట్లో ఉన్న కరెంటు పొయ్యిని ఈశ్వరప్రసాద్ మూడు నెలల క్రితమే పీకి, ఎవరికో ఊరికే ఇచ్చేశారు. కంచె అవతల డగ్ టోపీ ఎత్తి తల గోక్కుంటూ, తన పొలంలోకి వస్తున్నదాన్ని చూస్తున్నాడు.

“డగ్, వియ్ నీడ్ ఎ స్టవ్! రైట్ నౌ!” అని అరిచింది లాస్య.

“యూ కెన్ యూజ్ మై బార్బీ, లవ్,” అన్నాడు డగ్.

బార్బీ అనగానే పంతులుగారు నిలువునా నీరైపోయారు. మాంసం కాల్చే ఇనప చట్రం మీద గృహప్రవేశం పాలా? డగ్ ఆయన ముఖం చూసి అర్థం చేసుకుని, బార్బీ పక్కన వేరే ఒక చిన్న బర్నరు ఉందని, దాని మీద తల్లి లేని దూడలకు పాలు కాచడం తప్ప ఇంకేమీ చేయనని చెప్పాడు. లాస్య ఆ మాటను తన అర తెలుగులో చెప్పింది. “బేబీ ఆవులకి మిల్క్ బాయిల్ చేస్తాడట, పంతులుగారూ.”

“గోవత్సాలకు పాలు కాచే పొయ్యా! ఇంతకన్నా పవిత్రమైంది ఏముంటుందమ్మా, పదండి పదండి!” అంటూ పంతులుగారు అందరికన్నా ముందు కంచె దాటారు.

డగ్ ఇంటి వెనక వరండాలో పాలు బుడగలు కట్టి, మీగడ లేచి, అంచు దాటి నాలుగు పక్కలా పొంగాయి. అందరూ అక్షతలు చల్లారు. సగం డగ్ మీద పడ్డాయి. ఉదయలక్ష్మి ఆయన చేతిలో అరటిపండు, తమలపాకు పెట్టింది. ఆయన ఆకు ఎటు పట్టుకోవాలో తెలియక, థాంక్యూ చెప్పి, జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు వచ్చారు ఈశ్వరప్రసాద్. నడుము దాకా స్లర్రీ, మీసం మీద ఒక అన్నం మెతుకు. ఆయన భార్య ఎదురుగా, అడుగు దూరం వదిలి నిలబడ్డారు.

“నాకు నిన్న మధ్యాహ్నమే తెలుసు కళా. అది పులిసిపోయిందని సంచి లేచినప్పుడే తెలుసు,” అన్నారు. “నువ్వు దాని మీద చెయ్యేసి నవ్వావు. నేను చేసింది చూసి నువ్వు నవ్వడం నేనెప్పుడూ చూళ్లేదు. చెప్పబుద్ధి కాలేదు. ఇదిగో, ఇంతమందిలో నీ పరువు తీశాను. పాలు మన పొయ్యి మీద పొంగలేదు. మాట మాటే. ఫార్మ్ అమ్మేద్దాం. రేపే ఏజెంటుకి ఫోన్ చేస్తాను.”

రామచంద్ర ఏదో అనబోతే అక్కగారు చూసిన చూపుకు ఊరుకున్నాడు. కళావతి భర్త ముఖాన్ని, ఆ ముఖం మీద మెతుకును చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి వాసన వల్ల మాత్రమే కాదు.

“అసలు దానికి రోజుకి ఎంత పెట్టాలండీ?” అని అడిగింది.

“ఒక బకెట్ పేడ. అంతే.”

“నిన్న మీరు బల్లలు మడతపెడుతున్నప్పుడు చక్కెర పొంగలి గుండిగ మొత్తం నేనే పోశాను,” అంది కళావతి నెమ్మదిగా. “నెయ్యి కూడా వేసి. పొద్దున్నించి అందరూ తిన్నారు, దీనికి ఉత్త బియ్యం ముద్దలేనా అనిపించింది.”

“గుండిగ మొత్తమా!” అన్నారు ఈశ్వరప్రసాద్. ఆయన గొంతులో కోపం కంటే, ఇంజనీరు లెక్క కుదిరినప్పటి తృప్తి ఎక్కువగా వినిపించింది.

“మరి నోరు విప్పి చెప్పొచ్చు కదండీ? వద్దు వద్దంటే మొహమాటపడుతున్నారనుకున్నాం.” కళావతి కొంగుతో ఆయన మీసం మీది మెతుకు తుడిచి, అందరికీ వినపడేలా గొంతు పెంచింది. “అమ్మకమూ లేదు, ఏజెంటూ లేదు. మన చేత్తో తినిపించి, కడుపు చెడగొట్టి, మంచాన పడేసి, అమ్మేసి పోదామంటారా? నలుగురు వింటే ఏమనుకుంటారు? ఒరేయ్ రామూ, నువ్వు సిడ్నీ వెళ్లి మనుషులకి మందులిచ్చుకో. దీని సంగతి నేను చూసుకుంటా. రేపటి నించి పథ్యం.”

“మరి షరతు?” అన్నారు ఈశ్వరప్రసాద్ నమ్మలేక.

“యూనిట్ అమ్మేయండి. రోజూ క్లేటన్ నించి ఇక్కడికొచ్చి దానికి పేడ కలపడం నా వల్ల కాదు.”

ఈశ్వరప్రసాద్‌కు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఆ స్లర్రీ ఒంటితోనే భార్యను కౌగలించుకోబోతే, ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టి డగ్ పెరట్లోని నీళ్ల పైపు చూపించింది.

పథ్యం నెల రోజులు నడిచింది. గరాటుకు కళావతి ఒక మూత చేయించి, తాళం వేసి, తాళంచెవి మంగళసూత్రాల గొలుసుకు తగిలించుకుంది. ఈశ్వరప్రసాద్ పేడ మోసుకొచ్చి అక్కడ పెట్టాలి, అంతే. కలపడం, పోయడం ఆవిడ పని. పాలు పొంగని ఇంట్లో కాలు పెట్టనన్న మాటకు ఆవిడ ఇప్పటికీ కట్టుబడే ఉంది. వెనక గుమ్మం లెక్కలోకి రాదని తేల్చుకుని అటు నుంచి వస్తూ పోతూ ఉంటుంది. ఓ ఉదయం పొయ్యి మీద మంట మళ్లీ నీలంగా వచ్చింది. ఆ రోజు టీ ఆవిడే పెట్టింది.

డగ్ పొలంలో, పులిహోర ప్రవహించినంత మేరా, గడ్డి మోకాలెత్తు పెరిగింది. డోరిస్ అక్కడి నుంచి కదలడం లేదు. మీ ఫంక్షన్ మళ్లీ ఎప్పుడని డగ్ వారానికోసారి కంచె దగ్గరికొచ్చి అడుగుతున్నాడు. పంతులుగారిని అడిగితే మూఢం వచ్చిందని, ఇప్పట్లో మంచి ముహూర్తాలు లేవని, అయినా పాలు ఏ ఇంట్లో పొంగితే గృహప్రవేశం ఆ ఇంటిదే అవుతుంది గనుక ఈశ్వరప్రసాద్ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలని సెలవిచ్చారు.

ఆ ప్రకారం ఈశ్వరప్రసాద్ దంపతులు తమ ఇంట్లోకి ఇంకా ప్రవేశించనే లేదు గాని, నలభై ఏళ్లుగా తన ఇంట్లో ఉంటున్న డగ్‌కు మాత్రం శాస్త్రోక్తంగా గృహప్రవేశం అయిపోయింది.